38 ఛాతీ జాకెట్టు: భుజం జారుతోంది, చెయ్యి లేవడం లేదు. కొలత ఎక్కడ తప్పింది?

నీలిపోగు:

నమస్కారమండీ. ప్లెయిన్ చీరల మీదికి మూడు జాకెట్లు ఇంట్లోనే కుట్టుకుందామని గుడ్డ తెచ్చాను. రెండు పోచంపల్లి ఇక్కత్ కాటన్, ఒకటి మంగళగిరి ప్లెయిన్, జరీ అంచుతో. ఒక్కొక్కటి మీటరు, పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 44 అంగుళాలు. మంచి గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు మామూలు పాప్లిన్‌తో ఒకటి కుట్టి చూశాను. అది కుదరలేదు. ఏది ఎందుకు తప్పిందో తెలియకుండా ఇక్కత్ కోయడానికి మనసు ఒప్పడం లేదు.

ఒంటి కొలతలు అంగుళాల్లో: ఛాతీ 38, ఛాతీ కింద 33, షోల్డర్ 14, వెనక పొడవు 14.5, చంక రౌండు 16, దండ (పై చెయ్యి) చుట్టు 12.5, చెయ్యి పొడవు 10. భుజాలు కొంచెం వాలుగా ఉంటాయి.

కోసిన పద్ధతి: 38కి 1 కలిపి 39. దాన్ని నాలుగు భాగాలు చేసి ముందూ వెనకా 9.75 చొప్పున పెట్టాను, కుట్టుకి వదిలింది వేరు. షోల్డర్ చార్టులో 38 ఛాతీకి ఉన్నట్టు 15. భుజం వాలు అర అంగుళం. వెనక మెడ లోతు 8, ముందు 6.5. చెయ్యి వెడల్పు 14, చంక రౌండు 17. ముందు భాగానికి కింద ఒక టక్కు (ఆకారం కోసం కోసుగా మడిచి వేసే కుట్టు) మాత్రమే వేశాను.

వచ్చిన తేడాలు: భుజం జారిపోతోంది. చెయ్యి పైకెత్తితే జాకెట్టు మొత్తం లేచి కింద పట్టీ ఛాతీ మీదికి ఎక్కుతోంది. చంక బిగుతుగా ఉందేమోనని అర అంగుళం లోతు చేశాను, అప్పుడు ఇంకా ఎక్కువ లేస్తోంది. ఛాతీ దగ్గర నుంచి చంక వైపు ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి.

నాకు కావాల్సింది: బోటు మెడ, మోచేతి దాకా చేతులు, ఇక్కత్ డైమండ్లు ఒకదానికొకటి కలవాలి. దయచేసి అంకెలతో చెప్పండి.


సుద్దగీత:

ఆ పాప్లిన్ జాకెట్టు పారేయకండి. తప్పులన్నీ దాని మీదే రాసి ఉన్నాయి.

ముందు ఒక కొలత తీసుకోండి, మీ జాబితాలో అది లేదు. టేపు రెండు చంకల కిందుగా, ఛాతీ ఎత్తుకి, అంటే ఛాతీ ఎక్కువ ముందుకొచ్చిన చోటుకి, పైన, వీపు చుట్టూ నేల మట్టంగా పట్టి చూడండి. దీన్ని పై ఛాతీ అంటాం. 38 ఉన్న ఇద్దరిలో ఒకరికి పై ఛాతీ 37 ఉండొచ్చు, ఇంకొకరికి 34.5 ఉండొచ్చు. మొదటివాళ్లది వెడల్పైన వీపు. రెండోవాళ్లది సన్నని వీపు, నిండు ఛాతీ. ఇద్దరికీ ఒకే చార్టు పెడితే ఒక్కరికే కుదురుతుంది. మెడ, షోల్డర్, చంక, వీపు పై ఛాతీని బట్టి గీయాలి. నిండు ఛాతీకి కావాల్సిన అదనపు గుడ్డ ముందు భాగానికి మాత్రమే ఇచ్చి టక్కుల్లో మలచాలి. మీ జాకెట్టులోని తేడాలు చాలావరకు ఇక్కడే పుట్టాయి.

మీ షోల్డర్ 14 కాబట్టి పై ఛాతీ 35 దగ్గర ఉంటుందనుకుని లెక్క వేస్తున్నాను. మీ అంకె వేరైతే మార్చుకోండి.

వెనక: పై ఛాతీ 35 + 1 = 36, నాలుగో వంతు 9. అంటే వీపు మొత్తం 18.
ముందు: పూర్తయ్యాక జాకెట్టు 39 ఉండాలి. 39లో 18 తీస్తే 21. సగానికి 10.5.

మీరు రెంటికీ 9.75 పెట్టారు. వీపు మీద 1.5 అంగుళాలు ఎక్కువైంది, ముందు అదే 1.5 తక్కువైంది. వీపు మీద మిగిలిన గుడ్డ మెడ వైపు తోసుకొచ్చి భుజాన్ని పక్కకి నెడుతోంది. ముందు చాలక ఛాతీ గుడ్డని లాక్కుంటోంది, చంక వైపు ఏటవాలు ముడతలు అందుకే. చుట్టుకొలత లెక్కకి సరిగ్గా 39 ఉంది కాబట్టి తప్పు టేపుకి దొరకలేదు.

ఛాతీ కింద లెక్క: 33 + అర = 33.5, నాలుగో వంతు సుమారు 8.4. ముందు భాగం 10.5 నుంచి 8.4కి రావాలి, తేడా 2.1. కింద టక్కులో 1.5, పక్క కుట్టులో 0.6. వెనక 9 నుంచి 8.4, అక్కడా పక్క కుట్టులో 0.6. రెండు పక్కలా వాలు ఒకేలా వచ్చింది చూడండి, ఇలా రావాలి. ముందు వాలు ఎక్కువై వెనక తక్కువైతే పక్క కుట్టు మెలి తిరిగి ముందుకో వెనక్కో వాలుతుంది.

ఇప్పుడు నిలువు సంగతి. భుజం మీద మెడ మొదలయ్యే చోటు నుంచి ఛాతీ ఎత్తు మీదుగా కింద అంచు దాకా కొలవండి. వెనక కూడా మెడ మొదలు నుంచి అలాగే కొలవండి. ముందు 15.5, వెనక 14.5 వస్తే ముందు ముక్కని 1 అంగుళం పొడవుగా కోసి, ఆ 1 అంగుళాన్ని పక్క టక్కులో మడవాలి. ఈ టక్కు లేకపోతే ఛాతీ మీద నుంచి దిగడానికి గుడ్డ చాలదు, కింద పట్టీ పైకి ఎక్కుతుంది. మీరు కింద టక్కు ఒక్కటే వేశారు, అది అడ్డం కొలతనే సరిచేస్తుంది, పొడవు ఇవ్వదు. టక్కు కొన ఛాతీ ఎత్తు దాకా పోకూడదు, ముప్పావు అంగుళం ముందే ఆగాలి. చివర కుట్టు సన్నగా జారుతూ ముగియాలి. అక్కడ మెషీన్‌తో వెనక్కి కుట్టకండి, గుడ్డ మొనలా లేచి కనిపిస్తుంది. దారాలు వదిలి చేత్తో ముడి వేయండి.

షోల్డర్ 15 కాదు, మీ ఒంటిది 14. సగం 7. వెనక మెడ 8 లోతు దింపాలంటే ఇంకో పావు నుంచి అర అంగుళం తగ్గించి 6.5 నుంచి 6.75 పెట్టాలి, ఎందుకంటే మెడ ఎంత దిగితే వీపు మీద భుజాలని పట్టి ఉంచే గుడ్డ అంత తగ్గుతుంది. మీరు బోటు మెడ అంటున్నారు కాబట్టి 7 చాలు. భుజం వాలు అర అంగుళం మీకు తక్కువ, 1 పెట్టి చూడండి. భుజం చివర ఎంత దింపారో చంక అడుగు కూడా అంతే దింపాలి, లేకపోతే చంక రౌండు తగ్గి పట్టేస్తుంది.

చెయ్యి విషయం కాస్త నిదానంగా చెప్తాను. బిగుతుగా ఉంటే చంక లోతు చెయ్యడం చాలామంది చేసే పని, దాంతో ఉన్న ఇబ్బంది పెరుగుతుంది. చంక అడుగు ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు ఆ చోటు పెద్దగా కదలదు. కిందికి దింపితే చెయ్యికీ పక్క కుట్టుకీ మధ్య గుడ్డ పొట్టిదవుతుంది. చెయ్యి లేస్తే పక్క కుట్టుని లాగుతుంది, పక్క కుట్టు జాకెట్టంతటినీ లాగుతుంది. మీ 17 చంక అర అంగుళం లోతు చేశాక 18 దాకా పోయి ఉంటుంది. వెనక్కి 17కే రండి.

చెయ్యి కదలడానికి చోటు చేతి ముక్కలోనే ఇవ్వాలి. చేతి వంపు ఎత్తు, దర్జీలు చెయ్యి డౌన్ అనేది, ఎంత ఎక్కువైతే చెయ్యి అంత సన్నం, కిందికి వేలాడినప్పుడు అంత అందం, ఎత్తితే అంత పట్టు. చంక 17కి చేతి వంపు అంచు 17.25 కావాలి, పావు అంగుళం లూజు కుట్టులో కలిసిపోతుంది. సగం వంపుకి కొస నుంచి కొసకి సరళ గీత 8.25 అనుకోండి. చెయ్యి వెడల్పు 14 అయితే సగం 7, అప్పుడు డౌన్ దాదాపు 4.4 వస్తుంది. వెడల్పు 15 చేస్తే సగం 7.5, డౌన్ 3.4 చాలు. ఒక అంగుళం వెడల్పు పెంచితే డౌన్ ఒక అంగుళం తగ్గింది, వంపు పొడవు మాత్రం మారలేదు. మీ దండ 12.5కి 15 పెడితే ఇస్త్రీ పెట్టె ఎత్తినా, బస్సులో పైన కడ్డీ పట్టుకున్నా పట్టీ ఉన్నచోటే ఉంటుంది. చెయ్యి దించినప్పుడు దండ దగ్గర సన్నని మడత ఒకటి కనిపిస్తుంది. అది తప్పు కాదు, కదలడానికి వదిలిన గుడ్డ. అది కూడా వద్దనుకుంటే 14.5 వెడల్పు, సుమారు 4 డౌన్ మధ్యస్థం.

ఇప్పటికే లోతు చేసిన పాప్లిన్ జాకెట్టుని బాగుచెయ్యాలంటే ఒకటే దారి. 3 అంగుళాల నలుచదరం ముక్క పావు అంగుళం కుట్టుతో, ఒక మూల పక్క కుట్టులోకి, ఎదురు మూల చేతి కుట్టులోకి వచ్చేలా చంకలో వేయండి. పాత లాల్చీల్లో చంక ముక్క ఇందుకే వేసేవారు.


చిట్కిపోగు:

కొలతలు సుద్దగీత గారు చెప్పారు. గుడ్డ గురించి నేను చెప్తాను.

కోసే ముందు తడపండి. చేనేత కాటన్ పడుగు వైపు, అంటే పొడవులో, ఎక్కువ కుంచించుకుంటుంది. తడపక ముందు రెండు చోట్ల 20 అంగుళాల గుర్తు దారంతో పెట్టి, ఆరాక మళ్లీ కొలవండి. ఎంత తగ్గిందో అనుమానం ఉండదు. లైనింగ్ కూడా విడిగా తడపాలి. పై గుడ్డ తడిపి లైనింగ్ తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే లైనింగ్ బిగిసి పై గుడ్డ ఉబ్బులు ఉబ్బులుగా లేస్తుంది. ఆ తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా పోదు.

రంగు పోకుండా రాళ్ల ఉప్పు వేయమంటారు. అద్దకంలో పోగుని పట్టని రంగు ఉప్పు వేస్తే పట్టుకోదు. చల్లని నీళ్లలో విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ జాడించడమే పని. నీడన ఆరేయండి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే పడుగు పేక నిటారుగా నిలుస్తాయి.

ఇక డైమండ్లు. ఇక్కత్‌లో నమూనా గుడ్డ మీద అచ్చు వేసింది కాదు, నేయకముందే చిటికెలు కట్టి పోగుకే రంగు వేస్తారు. దీనివల్ల మీకు రెండు లాభాలు, ఒక ఇబ్బంది. రంగు పోగులోనే ఉంది కాబట్టి గుడ్డకి రెండు వైపులా నమూనా దాదాపు ఒకేలా ఉంటుంది. కుడి ముక్కకి సరిపోయే డైమండ్ దొరక్కపోతే గుడ్డ తిప్పి వెనక వైపు వాడుకోవచ్చు, అచ్చు గుడ్డకి ఈ వీలు లేదు. డైమండ్ అంచులు మసకగా పాకినట్టు ఉంటాయి కాబట్టి కుట్టులో సన్నని గీతంత తేడా కన్ను పట్టుకోదు. ఇబ్బంది ఏమిటంటే చేత్తో నేసింది గనుక డైమండ్ నుంచి డైమండ్‌కి దూరం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకచోట కొలిచి మిగతావి లెక్క కట్టుకోకండి. గుడ్డ మడిచి రెండు పొరలు ఒకేసారి కోయకండి, కింద పొరలో నమూనా ఎటు పోయిందో తెలీదు.

నేను చెప్పే వరస ఇది. గుడ్డ ఒక్క పొరగా పరవండి. బోటు మెడ అంటున్నారు కాబట్టి ముందు భాగం మధ్యలో కుట్టు లేకుండా ఒకే ముక్కగా రావాలి, హుక్స్ వెనక్కి వెళ్తాయి. ముందు ముక్క మధ్యగీత ఒక డైమండ్ నడిమధ్య నుంచి పోవాలి. డైమండ్ మొన సరిగ్గా ఛాతీ ఎత్తు మీద పడకుండా ఒక అంగుళం పైకో కిందికో జరపండి, లేకపోతే చూపు అక్కడే ఆగుతుంది. వెనక భాగంలో కుడి ముక్క మొదట కోసి, దాన్నే తిప్పి గుడ్డ మీద డైమండ్ మీద డైమండ్ పడేలా పెట్టి, చుట్టూ సుద్దతో గీసి ఎడమది కోయండి. వెనక హుక్స్ పట్టీ ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం లెక్కలో ఉండాలి. డైమండ్లు మధ్యగీతల దగ్గర కలవాలి, గుడ్డ అంచుల దగ్గర కాదు. ఎక్కువమందికి తప్పేది ఇక్కడే. చేతులకి, చెయ్యి కిందికి వదిలినప్పుడు ఛాతీ గీత మీద ఉన్న డైమండ్ల వరస చేతి మీద అదే ఎత్తులో ఉందా చూసుకోండి. చంక వంపు పొడవునా కలవడం అసాధ్యం, దానికోసం గుడ్డ పాడుచేసుకోకండి.

ఇక్కత్‌ని క్రాస్ కట్ చెయ్యొద్దు, అంటే పోగుకి ఏటవాలుగా కోయొద్దు. క్రాస్‌లో గుడ్డ సాగి ఛాతీకి హత్తుకుంటుంది నిజమే, కానీ నిలువు డైమండ్లు ఏటవాలుగా పడుకుంటాయి, రెండు పక్కలా రెండు రకాలుగా సాగుతాయి.

మీటరు గుడ్డ విషయం. వీపు రెండు ముక్కలు కలిపి 22 అంగుళాల వెడల్పు, ముందు 24, 15 వెడల్పు చేతికి కుట్టుతో కలిపి 17 పడుతుంది, పొడవు 12. వీపూ ముందూ పక్కపక్కన 44 పన్నాలో పట్టవు. ఒకదాని కింద ఒకటి పెడితే పొడవు 34 దాకా అక్కడే పోతుంది. పక్కన మిగిలే 20 వెడల్పులో చేతులు రెండూ ఒకదాని కింద ఒకటి పడతాయి, అప్పటికి గుడ్డ అయిపోయినట్టే. నమూనా కోసం జరుపుకోవడానికి చోటు మిగలదు. కొనేటప్పుడే 1.25 మీటర్లు తీసుకోవాల్సింది. ఇప్పుడు ఒక ఇక్కత్‌కి చేతులు మంగళగిరి ప్లెయిన్‌తో వేసి, జరీ అంచు మోచేతి దగ్గర వచ్చేలా పెట్టండి. నా మటుకు అన్నీ ఇక్కత్‌తో కుట్టినదాని కంటే ఇదే బాగుంటుంది. చీర ప్లెయిన్, చేతులు ప్లెయిన్, నమూనా ఒంటి మీద ఒక్కచోటే నిలుస్తుంది.


దూరపుదారం:

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను డాలస్‌లో ఉంటాను, జాకెట్లు విజయవాడలో కుట్టించి తెప్పించుకుంటాను. ఒంటి కొలతలు పంపిస్తే ప్రతిసారీ ఒక్కోలా వస్తున్నాయి. ఏ కొలతలు పంపాలి?


సుద్దగీత:

ఒంటి కొలత ఇద్దరు తీస్తే రెండు అంకెలు వస్తాయి. బాగా కుదిరిన ఆది జాకెట్టు ఒకటి బల్ల మీద పరిచి దాన్నే కొలవండి. హుక్స్ పెట్టి, చంక నుంచి చంక వరకు వెనక వైపు ఒకటి, ముందు వైపు ఒకటి విడివిడిగా. షోల్డర్ కొస నుంచి కొస. భుజం పట్టీ వెడల్పు. మెడ వెడల్పు, లోతు. చంక వంపుని టేపు నిలబెట్టి కుట్టు వెంట. ముందు మెడ మొదలు నుంచి టక్కు కొన దాకా, రెండు టక్కు కొనల మధ్య దూరం. చెయ్యి పొడవు, దండ దగ్గర వెడల్పు, అంచు దగ్గర వెడల్పు. కింద పట్టీ చుట్టు. ప్రతి అంకె పక్కన కుట్టు నుంచి కుట్టుకి అని రాయండి, లేకపోతే లోపలి గుడ్డ కలిపి కొలిచారని అనుకుంటారు. పక్క కుట్టుల్లో ఒక్కో వైపు 1.5 అంగుళాలు లోపల వదలమనండి, చేతి కుట్టులోనూ అంతే. షోల్డర్ మాత్రం సరిగ్గా వచ్చి తీరాలి. పక్కలు ఎవరైనా విప్పి సరిచేస్తారు, భుజం ఎక్కువైతే చేతులు విప్పి మళ్లీ వేయాలి, తక్కువైతే ఏమీ చెయ్యలేం. రెడీమేడ్ కుర్తా కొన్నా ముందు చూడాల్సింది భుజమే.


మెడపట్టీ:

బోటు మెడ వాలు భుజాలకి మంచి ఎంపిక. మెడ లోతు లేకపోవడంతో వీపు మీద గుడ్డ నిండుగా ఉండి భుజాలని పట్టుకుంటుంది, వీపు మీద కట్టే డోరీ అవసరం రాదు. కానీ బోటు మెడకి ఒక జబ్బు ఉంది. ముందు అంచు ఒంటికి అంటకుండా గిన్నె అంచులా లేచి నిలబడుతుంది. మెడ వెడల్పుగా కోసి లోతు తక్కువ పెట్టినప్పుడు, మెడ కింది ఎముక పైనుంచి గుంటలోకి దిగేచోట గుడ్డ మిగిలిపోవడం దానికి కారణం.

మీకు అంకెలు: సగం షోల్డర్ 7లో మెడ వెడల్పు 4, భుజం పట్టీ 3. ముందు లోతు 3.25, వెనక 2.5. వెనక్కి కొంచెం ఆకారం కావాలంటే 4 దాకా పోవచ్చు, అంతకు మించి వద్దు, పట్టు పోతుంది. గుడ్డ మీద గీసే ముందు కాగితం మీద మెడ అంచు మధ్య నుంచి చంక వైపు ఒక గీత గీసి, మెడ దగ్గర పావు అంగుళం, చంక దగ్గర సున్నా అయ్యేలా మడవండి. అప్పుడు మెడ గీత మళ్లీ నునుపుగా గీసుకోండి. రెండు వైపులా కలిపి అర అంగుళం తగ్గుతుంది, అంచు ఒంటికి కూర్చుంటుంది.

మెడ అంచుకి క్రాస్ పట్టీ వేయకండి, బోటు మెడ దగ్గర అది సాగి అలలు అలలుగా వస్తుంది. అదే మెడ ఆకారంలో రెండు అంగుళాల వెడల్పుతో లోపలి పట్టీ ముక్క కోసి వేయండి. కోసిన వెంటనే మెడ అంచు వెంట ఒక వరస మెషీన్ కుట్టు వేసి పెట్టండి, పట్టీ కలిపేలోపు చేతుల్లో అటూ ఇటూ తిప్పినా సాగదు. కలిపాక వంపు దగ్గర అర అంగుళానికో గాటు, కుట్టుకి రెండు దారాల ఇవతల ఆపాలి. కుట్టు గుడ్డని పట్టీ వైపు మడిచి పట్టీ మీద అంచు వెంట ఇంకో కుట్టు వేస్తే, పట్టీ ఉతికినా బయటికి తొంగిచూడదు.

వెనక హుక్స్ 6, సుమారు 2 అంగుళాలకి ఒకటి. ఒక హుక్కు ఛాతీ గీత మట్టానికి రావాలి, మిగతావి దాని నుంచి పైకీ కిందికీ లెక్కపెట్టుకోండి. అలా కాక పై నుంచి లెక్కపెడితే ఎక్కువ లాగేచోట ఖాళీ పడి నోరు తెరుస్తుంది. హుక్స్ పట్టీ లోపల లైనింగ్ నిలువు పోగు ముక్క ఒకటి పెట్టండి.

సుద్దగీత గారి లెక్క ఇక్కత్ వరకు సరే, ఒక్క మాట కలుపుతాను. మంగళగిరి ప్లెయిన్‌కి టక్కులు వద్దు, ప్రిన్సెస్ కట్ వేయండి. 38కి 33కి మధ్య 5 అంగుళాలు ఉన్నాయి. కింద టక్కు 1.5, పక్క టక్కు 1 రెండూ ఒకే పొడవాటి కుట్టులో సర్దితే ప్లెయిన్ గుడ్డ మీద గీత చక్కగా దిగుతుంది. ఇక్కత్ మీద అదే కుట్టు డైమండ్లని నిలువునా కోసేస్తుంది.


సుద్దగీత:

ఒప్పుకుంటాను. ప్రిన్సెస్ కుట్టు ఛాతీ ఎత్తు మీదుగా కాకుండా అర అంగుళం చంక వైపుగా పోనివ్వండి. ఛాతీ ఎత్తు దగ్గర నడిమి ముక్క అంచు కొంచెం సాగదీసినట్టు, పక్క ముక్క కొంచెం సర్దినట్టు కుట్టాలి. పక్క ముక్కకి గాట్లు పెట్టకండి, నడిమి ముక్కకే పెట్టండి.


నీలిపోగు:

అందరికీ కృతజ్ఞతలు. పై ఛాతీ కొలిచాను, 35 వచ్చింది. ఇక్కత్ తడిపితే 20 అంగుళాల గుర్తు 19.25 అయింది, మంగళగిరిది 19.5. లైనింగ్ తడిపి, మీరిచ్చిన అంకెలతో కోసి, పొడవాటి కచ్చా కుట్టుతో ఒళ్లు మీద వేసి చూశాను. వీపు 9, ముందు 10.5, పక్క టక్కు 1, చెయ్యి 15, డౌన్ 3.4, షోల్డర్ 14, బోటు మెడ. భుజం వాలు మాత్రం ఎక్కువే ఉండనీ అని 1.25 పెట్టాను.

చెయ్యి ఎత్తితే పట్టీ కదలడం లేదు. ఏటవాలు ముడతలు పోయాయి. భుజం నిలిచింది. కానీ వెనక మెడ కింద, వీపు మీద అడ్డంగా ఒక మడత వస్తోంది. చేత్తో కిందికి లాగితే పోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. పొడవు తగ్గించాలా?


సుద్దగీత:

పొడవు ముట్టుకోకండి. మీ భుజం వాలు కంటే జాకెట్టు వాలు ఎక్కువైంది. భుజం కొసలు గుడ్డని కిందికి దిగనివ్వకుండా ఆపేస్తున్నాయి, మధ్యలో మిగిలింది మెడ కింద మడతపడుతోంది. భుజం కుట్టు కొస దగ్గర విప్పి పావు అంగుళం వదలండి, మెడ వైపు సున్నాకి కలపండి, 1 అంగుళం వాలు అవుతుంది. చంక అడుగు కూడా పావు అంగుళం పైకి తీసుకోవాలి. ఇది కచ్చా కుట్టు లైనింగే కాబట్టి చంక దగ్గర కొత్త ముక్క అతికి గీత సరిచేసుకోండి, ఇక్కత్ మీద ఆ సరిచేసిన గీతే గీయండి. మడత ఇంకా సన్నగా ఉంటే మరి కాస్త వదలండి, అంతకు మించి పోవద్దు, జారడం మళ్లీ మొదలవుతుంది.

కూర్చుని కూడా ఒకసారి చూసుకోండి. కింద పట్టీ పొట్ట మీద మడతపడితే 33.5 కాస్తా 34 చెయ్యండి, పక్క కుట్టులోనే, టక్కులో కాదు. తర్వాత లైనింగ్ కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, అదే ముక్కలు ఇక్కత్ మీద పెట్టి గీసుకోండి. మళ్లీ కాగితం గీయాల్సిన పని లేదు.


చిట్కిపోగు:

గీసేటప్పుడు సుద్ద తెల్లదే వాడండి, రంగు సుద్ద చేనేత కాటన్‌లో పోగు లోపలికి దిగి ఉండిపోతుంది. 14 నంబరు సూది, కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. మొదట ముందు ముక్క కోయండి, డైమండ్ ఎంపిక దానికే బాగుండాలి.